ధ్రువ నక్షత్రం కనపడని మిద్దె మీద ట్రాకర్‌ని ఉత్తరానికి నిలపడం ఎలా?

మారతహళ్ళి మేడ:
అందరికీ నమస్కారం. నా దగ్గర కెనాన్ 1500డి, 135 ఎం.ఎం. లెన్స్, చిన్న స్టార్ ట్రాకర్ (చుక్కల కదలికకు తగ్గట్టు కెమెరాని తిప్పే పరికరం, దాని అక్షం ఆకాశంలో ఉత్తర ధ్రువం వైపు నిలవాలి) ఉన్నాయి. ఓరియన్ నెబ్యులా (ఓరియన్ చుక్కల మధ్య మెరిసే వాయుమేఘం) ఫోటో తీద్దామని మా అపార్ట్‌మెంట్ టెర్రస్ ఎక్కుతున్నాను. చిక్కంతా ఉత్తరం వైపే. అటు పెద్ద బ్లాకు అడ్డం, ధ్రువ నక్షత్రం కనపడదు. ఫోన్ కంపాస్ చూసి నిలబెడితే నిమిషం ఎక్స్‌పోజర్‌కే చుక్కలు గీతలైపోతున్నాయి. ప్రతి వీడియోలోనూ ముందు ధ్రువ నక్షత్రాన్ని పోలార్ స్కోప్‌లో (ట్రాకర్ అక్షం వెంబడి చూసే చిన్న దుర్భిణి) పెట్టమనే చెబుతారు. అది లేకుండా దారి ఉందా? ప్రతిసారీ ఊరు దాటి వెళ్ళాల్సిందేనా?

రాత్రి కెమెరా:
ముందు ట్రాకర్ మీద ఉత్తర, దక్షిణార్ధగోళాల స్విచ్ చూడండి. వేగం కూడా నక్షత్రాలదే ఉండాలి, చంద్రుడిదో సూర్యుడిదో కాదు.

అనంతపురం మేస్త్రీ:
ఊరు దాటక్కర్లేదండీ. నేను బెంగళూరులో కట్టడాల పని చేయిస్తుంటాను. మీ కంపాస్‌ని తిప్పేస్తున్నవి స్లాబులోని కమ్మీలు కావచ్చు. ఇనుము దగ్గరున్నచోట కంపాస్‌ని నమ్మకండి, ఎండని నమ్మండి.

పగలు మిద్దెక్కి, దారానికి బరువు కట్టి వేలాడదీయండి. సూర్యుడు ఆకాశంలో అన్నిటికంటే ఎత్తుకు చేరిన క్షణాన దారం నీడ అసలైన ఉత్తర దక్షిణాలు చూపిస్తుంది. గడియారంలో పన్నెండప్పుడు కాదు సుమా. మన దేశపు సమయం 82.5 డిగ్రీల రేఖాంశానిది, బెంగళూరేమో 77.6 దగ్గర. అందుకే మనకి దాదాపు ఇరవై నిమిషాలు ఆలస్యం. దాని మీద కాలాన్ని బట్టి ఇంకొంత మారుతుంది: డిసెంబరు చివర్లో 12:20 ప్రాంతం, ఫిబ్రవరి మధ్యకి 12:34. ఆ రోజు సమయం స్టెల్లేరియంలో (ఆకాశాన్ని చూపించే యాప్) చూసుకోండి. చలికాలంలో ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే నీడ అర డిగ్రీకి దగ్గరగా తిరిగిపోతుంది.

నీడ మీద సుద్దతో పొడవాటి గీత గీయండి. గీత వెంబడి ఉత్తరానికి చూస్తే ఎదుటి బ్లాకులో ఏ కిటికీ అంచు సూటిగా వస్తుందో గుర్తుపెట్టుకోండి. మీకు అడ్డమొచ్చిన బ్లాకే మీ గురి. రాత్రి ట్రైపాడ్‌ని ఆ గీత మీదే నిలిపి, రసమట్టం చూసి, పోలార్ స్కోప్‌ని ఆ అంచుకి గురిపెట్టండి. తర్వాత పక్కకి కదలనివ్వకుండా వాలు 13 డిగ్రీలకు ఎత్తండి, మన అక్షాంశం అంతే.

అర డిగ్రీ తేడా మిగిలినా చుక్క నిమిషానికి 8 ఆర్క్ సెకన్లకు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) మించి జరగదు. మీ కెమెరా, లెన్స్ జోడీకి పిక్సెల్ అంటే 5.7 ఆర్క్ సెకన్లు. అంటే 30 సెకన్ల ఫ్రేములో ఒక పిక్సెల్ కూడా దాటదు. ఈ ఊరి వెలుతురులో అంతకంటే ఎక్కువసేపు తెరిచి ఉంచి లాభం కూడా లేదు.

ఇంకా సరిచేయాలంటే ఓరియన్ నడుములో పడమటి చుక్క మింటాకాని పట్టండి. అది ఖగోళ మధ్యరేఖకి (భూమధ్యరేఖకి సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) ఆనుకునే ఉంటుంది. బాగా పైకి వచ్చినప్పుడు, ట్రాకర్ నడుస్తుండగా లైవ్ వ్యూలో పెద్దది చేసి చూడండి. దక్షిణానికి జారితే ట్రాకర్ అక్షం తూర్పుకి ఎక్కువ తిరిగి ఉందని, ఉత్తరానికి జారితే పడమరకని.

మారతహళ్ళి మేడ:
సార్, గీత గీశాను. నాలుగో అంతస్తు వంటగది కిటికీ గురి! 30 సెకన్లకి చుక్కలు గుండ్రంగా వస్తున్నాయి. ఇక ఊరి వెలుతురుని ఆపే ఫిల్టర్ కొనమంటారా?

రాత్రి కెమెరా:
ఇప్పుడే వద్దండీ. డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ హైడ్రోజన్ 656, ఆక్సిజన్ 501 నానోమీటర్ల దగ్గరి వెలుగుల్నే వదులుతుంది. కానీ మామూలు కెమెరాలో సెన్సర్ ముందుండే అద్దం ఆ 656 ఎరుపుని చాలావరకు ఆపేస్తుంది. ముందు ఫ్రేములు పెంచి సిరిల్‌లో (ఫోటోలని ఒకటిగా కలిపే ప్రోగ్రాం) కలపండి, అది ఉచితం. నాలుగు రెట్లు ఫ్రేములు తీస్తే నాయిస్ (ఫోటోలో కనిపించే గరుకుదనం) సగానికి తగ్గుతుంది.

అనంతపురం మేస్త్రీ:
మీకు దక్షిణం ఖాళీగా ఉంటే ఏప్రిల్‌లో ఒమెగా సెంటారీ తీయండి. అర్ధరాత్రి ప్రాంతంలో 30 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. నక్షత్రాల గుంపు కాబట్టి ఆ ఫిల్టర్‌తో పనే లేదు. వానలు మొదలయ్యేలోపే కానిచ్చేయండి.