అమ్మ కంటి చుక్కల మందు మారింది, వాడొచ్చా?

మాది ఆదోని దగ్గర పల్లె. ఈమధ్యే అమ్మకు కర్నూలులో శుక్లాల ఆపరేషన్ అయింది. ఇన్ఫెక్షన్ రాకుండా మోక్సిఫ్లోక్సాసిన్, వాపు తగ్గడానికి ప్రెడ్నిసోలోన్ చుక్కలు రాశారు. రెండింటికీ మధ్య 5 నిమిషాలు ఆగి వేస్తున్నాను. నిన్న మోక్సిఫ్లోక్సాసిన్ సీసా ముక్కు నేలకు తగలడంతో పారేసి కొత్తది కొన్నాం. మెడికల్ షాపులో "అదే మందు" అన్నారు. ఇంటికొచ్చి చూస్తే అందులో డెక్సామెథసోన్ కూడా ఉంది. అదీ స్టెరాయిడే కదా! ప్రెడ్నిసోలోన్‌కు తోడు ఇదీ వేస్తే కంట్లో ప్రెషర్ పెరుగుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అమ్మకు షుగర్ ఉంది, యాంటీబయాటిక్ ఆపాలన్నా భయమే. నొప్పి, ఎరుపు, చూపు మసకబారడం ఏవీ లేవు, ఉంటే ఈపాటికి కర్నూలు బస్సెక్కేవాళ్లం. ఆదివారం కదా, ఆస్పత్రిలో ఫోన్ ఎత్తడం లేదు. రాత్రి చుక్కల వేళకు ఏం చేయాలి? కంటి డాక్టర్లు, ఫార్మసిస్టులు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.