పది రోజుల సెలవులు, ఏడాదిన్నర పాప, నాలుగేళ్ల బాబు: ఏది పట్టుకోవాలి, ఏది వదిలేయాలి?

గోరింక (ప్రశ్న)

ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం. సెలవులు పది రోజులు. మూడో రోజు కారులో ఆరు గంటల ప్రయాణం, చుట్టాల ఇంట్లో అయిదు రాత్రులు, మళ్ళీ వెనక్కి. పాప మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా పడుకుంటుంది. రాత్రి ఎనిమిదికల్లా ఇద్దరూ నిద్రపోతారు, ఆరున్నరకి లేస్తారు. అక్కడ రోజూ ఎవరో ఒకరి ఇంటికి పిలుపులున్నాయి, రాత్రి భోజనాలు తొమ్మిది దాటాకే. బాబుకి కారెక్కితే వాంతులు.

నిద్ర సంగతి, ప్రయాణం సంగతి, మందుల సంచీ సంగతి కొలతలతో, టైములతో చెప్పండి. "పిల్లలే కదా, వాళ్ళే సర్దుకుంటారు" అనే మాట మాత్రం వద్దు, అది చాలామంది చెప్పారు.

బడిగంట

ఒక్కదాన్నే పట్టుకోమంటే పాప మధ్యాహ్నం నిద్రని పట్టుకోండి. మిగతా రోజంతా దాని చుట్టూ సర్దండి.

ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లలకి పగలూ రాత్రీ కలిపి 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. మూడు నుంచి అయిదేళ్ల వాళ్ళకి 10 నుంచి 13. మీ పాపకి ఇప్పుడు పన్నెండున్నర గంటలు అందుతోంది. మధ్యాహ్నం నిద్ర పోయి, రాత్రి పడుకునేసరికి తొమ్మిదిన్నర అయిందనుకోండి, మిగిలేది తొమ్మిది గంటలే. ఆలస్యంగా పడుకున్న పిల్లలు పొద్దున్న ఆలస్యంగా లేస్తారని పెద్దవాళ్ళు లెక్కేసుకుంటారు. ఈ వయసులో చాలామంది అలా లేవరు, అదే ఆరున్నరకి కళ్ళు తెరుస్తారు. మూడు రోజులు ఇలా నడిస్తే పది గంటల నిద్ర బాకీ పడుతుంది. నాలుగో రోజు ప్రతిదానికీ ఏడుస్తుంటే "కొత్త మనుషుల్ని చూసి" అంటారు. కొత్త మనుషులకంటే ముందు నిద్ర లెక్క చూడండి.

రోజు ఇలా కట్టుకోండి. పొద్దున్న పదికి బయల్దేరి ఒక ఇంటికి వెళ్ళండి, పన్నెండుకల్లా తిరిగి రండి. పాప పడుకున్న సమయంలో బాబుని కూడా సద్దులేని గదిలో కూర్చోబెట్టండి. నిద్రపోకపోయినా సరే, బొమ్మల పుస్తకంతో గంటసేపు ఎవరూ పలకరించకుండా ఉండనివ్వండి. పొద్దుటినుంచి పదిమంది పలకరింపులు విన్న నాలుగేళ్ల పిల్లాడికి ఆ గంట చాలా పెద్ద విశ్రాంతి. మూడున్నర తర్వాత కావాలంటే ఇంకో ఇల్లు. రోజుకి రెండు దాటొద్దు.

రాత్రి భోజనాల విషయానికొస్తే, అయిదు రాత్రుల్లో రెండిటికే వెళ్ళండి, ఆ రెండు రాత్రులు ఎనిమిది గంటల నిద్ర టైముని వదులుకోండి. అవి వరసగా రాకూడదు, మధ్యలో కనీసం ఒక రాత్రి ఎనిమిదికే పడుకునేలా చూడండి. ఆ రెండు రాత్రులూ కూడా పిల్లలకి ఆరున్నరకే ఇంట్లో పెట్టేసి బయల్దేరండి. అక్కడినుంచి కదిలేముందే పళ్ళు తోమి, డైపర్ మార్చి, రాత్రి బట్టలు వేసేయండి. కారులో నిద్రపోతే ఎత్తుకెళ్ళి పడుకోబెట్టడమే ఇక. ఇంటికొచ్చాక బట్టలు మార్చబోతేనే మెలకువ వస్తుంది, మళ్ళీ గంట పడుతుంది.

రెండు చోట్ల దెబ్బతింటారు. ఒకటి, సాయంత్రం ఆరింటప్పుడు కారులో పది నిమిషాల కునుకు. అది రాత్రి నిద్రని గంటన్నర వెనక్కి తోస్తుంది. అయిదున్నర తర్వాత ప్రయాణం పెట్టుకుంటే పక్కన కూర్చుని కబుర్లు చెప్తూ ఉండాలి. రెండు, మధ్యాహ్నం ఆలస్యంగా పడుకున్న పాపని జాలిపడి అయిదింటిదాకా పడుకోనివ్వడం. ఈ వయసులో మెలకువకీ రాత్రి నిద్రకీ మధ్య నాలుగున్నర, అయిదు గంటలు కావాలి. మూడున్నరకి లేపేయండి.

కొత్త చోటికి ఇంట్లో రోజూ వేసే దుప్పటిని ఉతక్కుండా తీసుకెళ్ళండి. ఆ వాసనే పాపకి ఆనవాలు. పరుపు నేలమీద వేయండి, గోడనుంచి అడుగుకి పైగా జరిపి ఉంచండి. గోడకి ఆనించిన పరుపు రాత్రి కదిలి సందు పడితే పాప అందులో ఇరుక్కుంటుంది.

వెనక్కి రావడం మాత్రం ఆఫీసుకి ముందురోజు పెట్టుకోకండి. నిద్ర గంట జరిగిందనుకుంటే రోజుకి పదిహేను నిమిషాల చొప్పున వెనక్కి తేవడానికి నాలుగు రోజులు పడుతుంది. ముందు లేచే టైముని సరిచేయండి, పడుకునే టైము దాని వెంటే వస్తుంది.

తెల్లకాగితం

నిద్ర సంగతి పైన బాగా చెప్పారు, నేను కారు గురించి రాస్తాను.

ప్రయాణంలో వాంతులు ఎక్కువగా రెండేళ్లనుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలకే. లోపలి చెవి "కదులుతున్నాం" అని చెప్తుంది, ఒళ్ళో ఉన్న ఫోను చూస్తున్న కళ్ళు "కదలడంలేదు" అని చెప్తాయి. ఈ రెండిటికీ పొంతన కుదరకే వికారం. అందుకని బాబు చేతికి ఫోనూ పుస్తకమూ రెండూ వద్దు. కథలు, పాటలు వినిపించండి. కిటికీలోంచి దూరంగా కనపడేవి చూపించండి, దగ్గరగా పరుగెత్తే చెట్లని కాదు. బయటకి కనపడనంత కిందుగా కూర్చుంటే ఇది సాగదు కాబట్టి చైల్డ్ సీటు ఎత్తు ముందే చూసుకోండి.

ఖాళీ కడుపూ మంచిది కాదు, నిండు కడుపూ కాదు. బయల్దేరడానికి గంటన్నర ముందు తేలిగ్గా పెట్టండి. ఎక్కించే ముందు గ్లాసుడు పాలు పట్టించొద్దు. దారిలో నీళ్ళు గుక్క గుక్కగా ఇవ్వండి.

వాంతికి ముందు గుర్తులు కనిపిస్తాయి. అప్పటిదాకా వాగుతున్న పిల్లాడు ఉన్నట్టుండి మాట్లాడడు. తర్వాత ఆవులింతలు, మొహం పాలిపోవడం, పై పెదవి మీద చెమట. "నిద్రొస్తోంది" అని ఊరుకుంటారు అందరూ. ఆవులింత కనపడగానే కిటికీ దించి, వీలైన మొదటి చోట బండి ఆపి, నేలమీద అయిదు నిమిషాలు నడిపించండి. సగంసార్లు అక్కడితోనే ఆగిపోతుంది.

ఆరు గంటల దారి మీకు ఏడున్నర, ఎనిమిది గంటలు. గంటన్నరకో రెండు గంటలకో ఒకసారి పదిహేను నిమిషాలు ఆగాలి, దాన్ని లెక్కలో కలిపే బయల్దేరండి. పొద్దున్న ఎనిమిదిన్నరకి కదిలితే పాప నిద్ర దారిలోనే పడుతుంది, చీకటి పడకముందే చేరతారు. రాత్రంతా పిల్లలు పడుకుంటారు కదా అని రాత్రిపూట నడపడం నాకు నచ్చదు. పగలంతా సర్దిన మనిషే స్టీరింగు పట్టుకుంటారు, తెల్లవారుజామున ఆ మనిషికే కునుకొస్తుంది.

ముందు సీటు కింద ఒక సంచీ ఉండాలి, డిక్కీలో కాదు. అందులో ఒకదాంట్లో ఒకటి దూర్చిన ప్లాస్టిక్ కవర్లు నాలుగు జతలు, వెట్ వైప్స్, ఇద్దరికీ పూర్తి జత బట్టలు, పెద్దవాళ్ళకి ఒక్కో పైబట్ట, మురికి బట్టలకి గట్టిగా మూసుకునే సంచీ. సీటు పట్టీల మీద వాంతి పడితే తడిగుడ్డతో తుడవండి చాలు. బ్లీచింగూ ఘాటైన సబ్బులూ పట్టీ నారని బలహీనపరుస్తాయి.

చలికని మందం కోటు తొడిగి దాని మీద పట్టీలు బిగించకండి. గుద్దుకున్నప్పుడు కోటులో గాలంతా అణిగిపోయి పట్టీ వదులవుతుంది. కోటు విప్పి, పట్టీలు బిగించి, పైన దుప్పటి కప్పండి. భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లి చూడండి, మడత పట్టుకి దొరికితే ఇంకా బిగించాలి.

వాంతుల మందు ఇవ్వాలనుకుంటే డాక్టరుని అడిగి, బయల్దేరడానికి ముప్పావుగంట ముందు ఇవ్వండి. వికారం మొదలయ్యాక ఇస్తే కక్కేస్తాడు. ఈ మందులకి కొందరు పిల్లలు మగతగా ఉండక, దానికి విరుద్ధంగా చెలరేగిపోతారు. అందుకని డాక్టరు సరేనంటే ప్రయాణానికి కొన్ని రోజుల ముందే ఇంట్లో ఒకసారి వేసి చూడండి.

చిన్నపెట్టె

మందుల సంచీలో అసలు ప్రమాదం మందు మర్చిపోవడం కాదు, కొలత తప్పడం.

పారాసెటమాల్ తీసుకోండి. పిల్లల మోతాదు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి: ఒక డోసుకి కిలోకి 15 మిల్లీగ్రాములు. బాబు 16 కిలోలుంటే 240 మిల్లీగ్రాములు. పాప 10 కిలోలుంటే 150. కానీ సీసాలు ఒక్కలా ఉండవు. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములున్న సిరప్ అయితే బాబుకి 10 మిల్లీలీటర్లు. 5 మిల్లీలీటర్లలో 250 ఉన్నదైతే 4.8 మాత్రమే. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములుంటాయి, అది 2.4 చాలు. మీ సీసా ఇంట్లో మర్చిపోయి అక్కడ కొత్తది కొని, అలవాటు చొప్పున "పది" పోస్తే, రెండో రకం సిరప్‌తో డోసు రెట్టింపు దాటుతుంది. కాబట్టి మీరు వాడే సీసానే తీసుకెళ్ళండి. ఇద్దరి బరువులూ ఇప్పుడే తూచి, మీ డాక్టరుతో ఒకసారి సరిచూసుకుని, ఎవరికి ఎంతో మార్కరుతో సీసా మీదే రాయండి. కొలవడానికి సిరంజి పెట్టుకోండి. వంటింటి చెంచాలు ఒకదానికొకటి పోలిక ఉండవు.

డోసుకీ డోసుకీ మధ్య ఆరు గంటలు పెట్టుకోండి, నాలుగు గంటలకంటే ముందు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. రోజు మొత్తంలో నాలుగు డోసులే. చుట్టాల ఇంట్లో జరిగే పొరపాటు ఏంటంటే, అమ్మ ఇచ్చింది నానమ్మకి తెలియదు, ఆవిడ మళ్ళీ ఇస్తారు. సీసాకి రబ్బరు బ్యాండుతో కాగితం కట్టి, ఇచ్చిన టైము, ఇచ్చినవాళ్ళ పేరు రాయాలి. కాగితం చూడకుండా మూత తీయకూడదు అని ఇంట్లో అందరికీ చెప్పండి. జలుబు సిరప్‌లు కొన్నిటిలో కూడా పారాసెటమాల్ కలిసే ఉంటుంది. నాలుగేళ్ల లోపు పిల్లలకి డాక్టరు చెప్పకుండా ఆ దగ్గు జలుబు మందులు ఇవ్వనే వద్దు. ముక్కుకి సెలైన్ చుక్కలు చాలు.

ఓఆర్‌ఎస్ లీటరు ప్యాకెట్లు నాలుగు. 20.5 గ్రాముల ప్యాకెట్టు మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపాలి. సగం పొడి ఇప్పుడు, సగం తర్వాత అని కలిపితే ఉప్పూ చక్కెరా పొడిలో సమంగా పంచుకోవు, నీళ్ళు తగ్గితే ఉప్పు ఎక్కువై మంచికంటే చెడు జరుగుతుంది. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. పాపకి విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, బాబుకి 100 నుంచి 200. కక్కితే పది నిమిషాలు ఆగి, చెంచా చెంచాగా మళ్ళీ మొదలుపెట్టండి. ఆరు గంటలపైన ఒంటేలుకి పోకపోయినా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా, కళ్ళు గుంటలు పడి మగతగా ఉన్నా, విరేచనంలో రక్తం కనపడినా ఇంట్లో కూర్చోకండి.

ఇవి కాక థర్మామీటరు, రోజూ వాడే మందులు ప్రయాణానికి మించి మూడు రోజులకి సరిపడా, వాటి చీటీల ఫొటోలు ఇద్దరి ఫోన్లలోనూ.

బడిగంట

చిన్నపెట్టెగారు ఇంట్లో ఉన్న మందుల గురించి రాయలేదు, అది కలుపుతాను. చేరగానే పెట్టెలు విప్పకముందు పదిహేను నిమిషాలు ఇల్లు చూడండి, మోకాళ్ళమీద వంగి పాప ఎత్తులో. పెద్దవాళ్ళ బీపీ, షుగరు మాత్రలు తలగడ పక్కన, చేతిసంచీలో, వారం డబ్బాలో ఉంటాయి. ఆ డబ్బా మూత ఏడాదిన్నర పాపకి అడ్డు కాదు. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళ సంచులు కూడా నేలమీద ఉండకూడదు. నీళ్ళున్న బకెట్లు బోర్లించండి. గట్టి గింజల గిన్నెలు బల్ల మీదనుంచి తీసేయించండి.

బటన్ బ్యాటరీ విషయం మరీ ముఖ్యం. రిమోట్లు, వెలిగే బొమ్మలు, పాడే గ్రీటింగు కార్డులు చాలావాటిలో ఉంటాయి. నాణెమంత ఉండే సీఆర్ 2032 అన్నిటికంటే ప్రమాదం: అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపలి గోడని కాల్చేస్తుంది. మింగిందని అనుమానం వస్తే కక్కించొద్దు, వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి. ఏడాది దాటిన పిల్లలైతే, బ్యాటరీ మింగి పన్నెండు గంటలు దాటకపోతే, మింగుడు పడుతుంటే దారిలో పది నిమిషాలకోసారి రెండు టీ చెంచాల తేనె, ఆరుసార్లకి మించకుండా ఇవ్వొచ్చు. తేనె కోసం వెతుకుతూ ఆలస్యం చేయకండి. కానుకగా వచ్చే బొమ్మకి బ్యాటరీ మూత స్క్రూతో లేకపోతే ఆ బొమ్మ పాప చేతికి వెళ్ళకూడదు.

కానుకలన్నీ ఒక్కరోజే విప్పనివ్వకండి. రోజుకి ఒకటో రెండో, మిగతావి పై అరలో. ఎదురుగా తక్కువ బొమ్మలున్నప్పుడు పిల్లలు ఒక్కోదానితో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడతారు.

గోరింక

అందరికీ ధన్యవాదాలు. బరువులు ఈరోజే తూస్తాను. ఒక్కటి మిగిలింది. పన్నెండుకి లేస్తామంటే పిలిచినవాళ్ళు నొచ్చుకుంటారు. అత్తగారికైతే ఇంకా కష్టం. ఎలా చెప్పాలి?

తెల్లకాగితం

గుమ్మంలో చెప్తే నొచ్చుకుంటారు, ఫోనులో ఒప్పుకునేటప్పుడే చెప్తే నొచ్చుకోరు. "పదింపావుకల్లా మీ ఇంట్లో ఉంటామండీ, పాప పడుకునే టైము కాబట్టి పన్నెండుకి బయల్దేరతాం" అని వచ్చే టైమూ వెళ్ళే టైమూ ఒకే మాటలో. వచ్చే టైముకి కచ్చితంగా రండి, అప్పుడు వెళ్ళే టైముకి ఎవరూ అడ్డు చెప్పరు. పదకొండున్నరకి వెళ్ళి పన్నెండుకి లేస్తేనే తప్పుగా ఉంటుంది.

అత్తగారికి మీరు చెప్పకండి, మీ ఆయన చెప్పాలి. ఎవరి అమ్మానాన్నలతో వాళ్ళే. అదీ ప్రయాణానికి ముందే, "ఈ రెండు రాత్రులు మీతో భోజనానికి వస్తాం, మిగతా మూడు రాత్రులూ మాలో ఒకరు పిల్లలతో ఇంట్లో ఉంటారు" అని రాత్రుల పేర్లతో సహా. పొద్దున్న పూట పిల్లలు హుషారుగా ఉన్నప్పుడు ఆరున్నర నుంచి ఎనిమిది దాకా నానమ్మకీ తాతయ్యకీ వదిలేయండి. ఆవిడ మనసారా గడిపే సమయం అదే, మీకూ గంటన్నర నిద్ర దొరుకుతుంది.