అప్‌డేట్: లాక్‌డౌన్‌లో ఆగిపోయిన నా నవల

2020 మార్చిలో సగంలో ఆగిపోయిన నవల పూర్తి చేయాలా, వదిలేయాలా అని అప్పట్లో మిమ్మల్ని అడిగాను. కరోనాను కథలోకి తెమ్మని కొందరు, అసలు వద్దని కొందరు చెప్పారు.

వదల్లేదండీ, మొత్తం తిరగరాశాను. పాత డ్రాఫ్ట్‌లో మా లింగంపల్లి స్టేషన్ ఊరికే వచ్చిపోయే చోటు. 2020 మే 1న లాక్‌డౌన్‌లో చిక్కుకున్న వలస కూలీలను సొంత రాష్ట్రాలకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే మొదటిది అక్కడి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది, దాదాపు 1,200 మందితో. ఆ వార్త చదివాక పాత కథ రాయడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు నా హీరో సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ భవనాల పనికి వచ్చి, ఆ రైలెక్కే సెంట్రింగ్ మేస్త్రీ.

ఇంట్లో ఉన్న ఒక్క ల్యాప్‌టాప్ పాప ఆన్‌లైన్ క్లాసులకే సరిపోయేది. అందుకే తెల్లవారుజామున నాలుగింటికి లేచి, వంటింటి గట్టు దగ్గర స్టూల్ వేసుకుని, బడి లేక మిగిలిపోయిన తన లాంగ్ నోట్‌బుక్కుల్లో రాశాను. నాలుగు నిండాయి. మూడో దాంట్లో రెండు పేజీలకు పసుపు మరక ఇంకా అలాగే ఉంది.

మా మామయ్యగారు చనిపోయిన నెలలో మాత్రం ఒక్క ముక్క రాయలేకపోయాను. ఆ నెలను నవలలో పెట్టలేదు, పెట్టను కూడా.

చివరి అధ్యాయం అయిపోయింది. రైలు ఎక్కే సీను ముందుకు తెమ్మని మీలో ఒకరు చెప్పారు కదా, నవల ఇప్పుడు అక్కడే మొదలవుతుంది. టైపింగ్ ఇంకా సగం ఉంది.