వలస ఎడ్లబళ్ళ డైరీలతో వ్యాకరణం: పిల్లలు “ఎల్లినాం” అని రాస్తే దిద్దాలా?

అరుగుబడి, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. రోజూ సాయంత్రం మా ఇంటి అరుగు మీద మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలు పదకొండుమందికి చదువు చెబుతాను. వాళ్ళకి బడిలో ఒడియా, ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు. సొంతంగా రాయడం మాత్రం ఏ భాషలోనూ రాదు. ఖాళీలు పూరించమంటే పదికి పది తెచ్చుకుంటారు. నిన్న ఏం జరిగిందో నాలుగు ముక్కలు రాయమంటే పెన్సిల్ నోట్లో పెట్టుకుని నా మొహం చూస్తారు.

అందుకే ఈ ఏడు వర్క్‌బుక్కు పక్కన పెట్టి, అమెరికాలో ఎడ్లబళ్ళ మీద పడమటికి వలసపోయినవాళ్ళ డైరీలు చదివించడం మొదలుపెట్టాను. ఒరెగాన్ దారి దాదాపు 3,200 కిలోమీటర్లు. గడ్డి మొలిచే వేళకి బయల్దేరి, ఎడ్లు నడిచినంత నడిచి, నాలుగు నుంచి ఆరు నెలలకి చేరేవాళ్ళు. ఇది ఎక్కడి పిల్లలకి ఎక్కడి సంగతి అని మొదట భయపడ్డాను. పుల్లలు దొరకని మైదానాల్లో అడవిదున్నల ఎండిన పేడ ఏరుకుని వంట చేసుకున్నారని చెప్పగానే, “ఏరుపిడకలేగా మేడం!” అంది ఒక పిల్ల. ఆ మాటతో నా భయం పోయింది.

మా వాళ్ళకి బాగా పట్టింది అమీలియా స్టూవర్ట్ నైట్ డైరీ. 1853లో భర్త, ఏడుగురు పిల్లలతో అయోవా నుంచి ఒరెగాన్ వెళ్ళిన ఇల్లాలు. వాన, బురద, జబ్బుపడ్డ పిల్లలు, దాటాల్సిన ఏరు, ఇవన్నీ పొడిపొడి మాటల్లో రాసుకుంది. ఎనిమిదో బిడ్డ కడుపులో ఉన్న సంగతి చివరికొచ్చేదాకా బయటపడదు. ఒకచోట లూసీ అనే కూతుర్ని మర్చిపోయి బళ్ళు కదిలిపోతాయి. ఆ పిల్ల ఏటి గట్టు కింద కూర్చుని, వేరేవాళ్ళ బళ్ళు ఏరు దాటుతుంటే చూస్తూ ఉండిపోయింది. కొన్ని మైళ్ళు పోయి పశువులకి అలుపు తీరుస్తుంటే వెనక వచ్చిన బళ్ళవాళ్ళు తీసుకొచ్చి అప్పగించారు. అది చదివిన రోజు అరుగు మీద ఒక్కరూ కదల్లేదు.

ఇప్పుడు పిల్లలు వాళ్ళ డైరీ వాళ్ళు రాస్తున్నారు. చిక్కంతా అక్కడే వచ్చింది. “మేం పాతపట్నం ఎల్లినాం. అమ్మ చీర కొన్నాడు. నాకు జంతికలు కొన్నాది.” ఇందులో ఎన్ని తప్పులు? అన్నీ దిద్దితే మర్నాడు రెండు లైన్లే రాస్తారు, అదీ నాకు నచ్చే లైన్లు. వదిలేస్తే భాష ఎప్పుడొస్తుంది? వ్యాకరణం విడిగా ఒక అరగంట చెప్పాలా, డైరీలోనే చెప్పాలా? చేసి చూసినవాళ్ళు చెప్పండి.

విశ్రాంత తెలుగు మాస్టారు, బరంపురం

అమ్మా, మీరు రాసిన మూడు వాక్యాల్లో తప్పు ఒక్కటే. “కొన్నాడు”. “ఎల్లినాం”, “కొన్నాది” తప్పులు కావు, మన వైపు పలుకుబడి. “కొన్నాది” అన్నప్పుడు ఆ పిల్లకి అమ్మకి ఏ క్రియ వాడాలో తెలుసు. “కొన్నాడు” అన్నప్పుడు బడిలో ఒడియా అడ్డమొచ్చింది. ఒడియాలో అమ్మ వచ్చినా నాన్న వచ్చినా క్రియ ఒకటే. ఈ రెండూ ఒకే ఎర్రసిరాతో దిద్దితే పిల్లకి ఏది తప్పో తెలియదు, ఇంట్లో అమ్మ మాటే తప్పనుకుంటుంది. నా నౌకరీలో మొదటి పదేళ్ళూ నేనలాగే దిద్దాను. ఆ పిల్లల్ని తలుచుకుంటే ఇప్పటికీ మనసు బాధపడుతుంది.

నోటుబుక్కులో ఎడమ పేజీ డైరీకి వదిలెయ్యండి, అక్కడ మీ పెన్ను పెట్టొద్దు. కుడి పేజీలో వారానికి ఒక్క అంశం. ఈ వారం ఆడ, మగ క్రియలంటే అవే. పిల్ల తన వాక్యమే ఒకటి ఏరుకుని కుడివైపు మళ్ళీ రాస్తుంది. విడిగా అరగంట అక్కర్లేదు, పది నిమిషాలు చాలు.

మీరున్న ఊళ్ళోనే గిడుగు రామమూర్తిగారు మాస్టారుగా పనిచేశారు. సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు రావాలని తాను సవర నేర్చుకుని వాళ్ళకి వాచకాలు రాశారు. ఆ ఊళ్ళో “ఎల్లినాం” కొట్టెయ్యకండమ్మా.

ఇంకొకటి. మన భాషలోనూ దారి డైరీ ఉంది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న మద్రాసులో బయల్దేరి కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. తిరుగుదారి మన గంజాం మీదుగానే. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఏ దారి రాళ్ళమయం, ఎక్కడ సరుకులు దొరుకుతాయి, అన్నీ రాశారు. ఆ తెలుగు మూడో తరగతికి కష్టం. మీరు నోటితో చెప్పి, రెండు మూడు వాక్యాలు మాత్రం ఉన్నవున్నట్టు చదివించండి.

రాయగడ నుంచి ఒక తండ్రి

మాస్టారి మీద గౌరవంతోనే అడుగుతున్నాను. పరీక్షలో “ఎల్లినాం” రాస్తే మార్కులు ఎవరిస్తారు? మా అబ్బాయికి అలాగే పోయాయి. పుస్తకాల తెలుగు కూడా చిన్నప్పుడే రావాలి కదా.

విశ్రాంత తెలుగు మాస్టారు, బరంపురం

రావాలి బాబూ. కుడి పేజీ అందుకే. “ఎల్లినాం”కి ఎదురుగా ఒకరోజు “వెళ్ళాం” అని రాయించండి, దిద్దినట్టు కాదు, రెండో రూపంలా. రెండూ వచ్చిన పిల్లాడు పరీక్షలో ఏది రాయాలో తనే చూసుకుంటాడు.

సిరొంచ టీచరు, మహారాష్ట్ర

అక్కా, మాకు మరాఠీతో వచ్చే చిక్కు వేరు. అమ్మ వస్తే “ఆలీ”, నపుంసకం వస్తే “ఆలం” అని అక్కడ విడివిడిగా ఉంటాయి. తెలుగులో అమ్మ వచ్చింది, నీళ్ళ డబ్బా వచ్చింది. “అమ్మకీ డబ్బాకీ ఒకటేనా?” అని మా పిల్లలు నొచ్చుకుంటారు. అప్పుడే “వచ్చారు” నేర్పిస్తాను.

లూసీ కథలో మీకు మంచి పాఠం ఉంది, వదలకండి. ఇంగ్లీషులో “వి” ఒక్కటే. తెలుగులో మేము, మనం రెండు. మరాఠీలోనూ ఆమ్హీ, ఆపణ్ ఉన్నాయి గనక మా వాళ్ళు గబుక్కున పట్టుకున్నారు. లూసీ దొరికాక వాళ్ళమ్మ ఏమంటుంది? “మనం బయల్దేరిపోయాం” అనలేదు, లూసీ రాలేదుగా. “మేం బయల్దేరిపోయాం, నువ్వు లేవని చూసుకోలేదు” అనాలి. తర్వాత చెయ్యి పట్టుకుని “పద, మనం వెళ్దాం” అంటుంది. ఈ రెండు వాక్యాలూ పిల్లల చేత ఆడించాను. మళ్ళీ ఎవరూ తప్పలేదు.

మా ఊళ్ళో వంతెన లేని రోజుల్లో పడవెక్కి నది దాటి కాళేశ్వరం వెళ్ళిన అవ్వలున్నారు. పిల్లలు వాళ్ళనడిగి రాసుకొచ్చారు. బళ్ళవాళ్ళు ఏళ్ళు దాటిన పేజీల పక్కనే అవి చదివిస్తాను.

అరుగుబడి, పర్లాకిమిడి

మాస్టారూ, చెల్లీ, మూడు వారాలు చేసి చూసి రాస్తున్నాను. లూసీ డైరీ రాస్తే ఎలా రాసేదని అడిగాను. నాలుగో తరగతి పిల్ల ఎడమ పేజీలో రాసింది ఇది: “మాయమ్మ నన్ను మర్చిపోనాది. నాను గట్టుకింద కూకోని బళ్ళు సూసినాను. అమ్మ ఒచ్చీసినాడు అనుకున్నాను. ఎవులో బళ్ళోలు ఒచ్చినారు.” మొదటి రోజు నాలుగు ముక్కలు రాయలేక ఏడ్చిన పిల్ల ఈమే. కుడి పేజీకి “ఒచ్చీసినాడు” ఒక్కటే తీసుకెళ్ళి “ఒచ్చీసినాది” అని మార్చుకుంది. నేను వేలు పెట్టి చూపించలేదు.

“మేము”, “మనం” ఇంకా ఇద్దరికి రావట్లేదు. వాళ్ళతో మళ్ళీ ఆడిస్తాను.

వచ్చే ఆదివారం మా వీధిలో తాతగారి దగ్గరికి తీసుకెళ్తున్నాను. చిన్నప్పుడు నౌపడకి చిన్న రైల్లో తిరిగారట, రాజావారు వేయించి 1900లో నడిపిన ఆ సన్న పట్టాల బండిలో. పిల్లలు ఒక్కొక్కరు రెండు ప్రశ్నలు రాసుకున్నారు. అన్నీ “ఎప్పుడు”, “ఎంత” అనేవే. “ఎలా”, “ఎందుకు” రావడానికి ఏం చేయించాలో శనివారం లోపల చెప్పండి మాస్టారూ.