మదాం గ్రెస్ గౌను: కుచ్చిళ్లు నిలబడడం లేదు, సాయం చేయండి

సూదిమొన:
పొద్దున తొమ్మిదింటికి కూర్చున్నాను, ఇప్పుడు రాత్రి ఎనిమిది. ఫ్రెంచి డిజైనర్ మదాం గ్రెస్ 1950లలో చేసిన కూచర్ గౌన్ల (ఒక్కొక్కరి కొలతకు చేత్తో కుట్టే ఖరీదైన గౌన్లు) పద్ధతిలో పైభాగం వేస్తున్నాను. ఒక భుజం మీదుగా ఛాతీ అంతా సన్నటి కుచ్చిళ్లు, నడుము దగ్గర బిగింపు. డమ్మీ మీద గుండుసూదులు ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. తీయగానే కుచ్చిళ్లన్నీ విచ్చుకుని భుజం మీంచి జారిపోతున్నాయి. మూడుసార్లు ఇస్త్రీ చేశాను, పై అంచు మిషను మీద కుట్టాను. రేపు మధ్యాహ్నం కాలేజీలో చూపించాలి. వేళ్లన్నీ సూదిపోట్లే. తప్పు ఎక్కడుంది?

పడుగుపేక:
ముందు పేరు సరిచేసుకుందాం. చివరి ‘స్’ పలకదు, గ్రె అనాలి. అసలు పేరు జెర్మెయిన్ క్రెబ్స్. భర్త సెర్జ్ పేరులోని అక్షరాలను తారుమారు చేసి గ్రెస్ అని పెట్టుకుంది. ఆ పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచింది 1942లో. అంతకుముందు అలిక్స్ అనేవారు. శిల్పి కావాలనుకున్న మనిషి కాబట్టి గుడ్డను రాయిలా చూసింది. ఇక ‘కూచర్’ కాదు, కూత్యూర్. అందులో పైమెట్టైన ‘ఓట్ కూత్యూర్’ అనే మాటకు ఫ్రాన్స్‌లో 1945 నుంచి చట్టం కాపలా ఉంది, ఎవరు పడితే వారు పెట్టుకోవడానికి లేదు.

మొండికత్తెర:
గుడ్డ ఏమిటి?

సూదిమొన:
పల్చగా జారేదేనండీ. ఇబ్బంది గుడ్డతో కాదు, కుచ్చిళ్లతో.

మొండికత్తెర:
పేరు.

సూదిమొన:
పాలియెస్టర్ జార్జెట్.

మొండికత్తెర:
అదే జవాబు.

పాతమిషను:
అమ్మా, ఆయన ముక్తసరిగా అన్నా విషయం అదే. ఆవిడ ఆ గౌన్లకు వాడింది పట్టు జెర్సీ. అది నేసిన గుడ్డ కాదు, అల్లిన గుడ్డ. జార్జెట్‌లో దారానికి మెలి ఎక్కువ, మడిస్తే విదిలించుకుంటుంది. జెర్సీ మడత మీద మడతగా ఒదిగి కూర్చుంటుంది. ఇస్త్రీ మానేయండి, ఆ మడతలు గుండ్రంగా కనబడాలి, కత్తి అంచులా కాదు. 280 సెంటీమీటర్ల పన్నాను 7 సెంటీమీటర్లకు కుదించేదని చెబుతారు. అంత గుడ్డను పై అంచున ఒక్క మిషను కుట్టు ఏం ఆపుతుంది? వెనకవైపు నుంచి ప్రతి మడతనూ పక్క మడతకు చేత్తో టాకా వేసుకుంటూ పోవాలి. దారం లాగి బిగించకండి, మడత నొక్కుకుపోతుంది. లోపల ఒంటికి అతికినట్టుండే బాడీ కుట్టి, దానికి పట్టించాలి. బరువంతా మోసేది అదే. మీరు లోపల ఏం వేశారు?

సూదిమొన:
ఏమీ వేయలేదు. ఫొటోలో కనిపించలేదు కదా.

మొండికత్తెర:
లోపలిది ఫొటోలో ఎలా కనిపిస్తుంది!

పడుగుపేక:
ఇంకో మాట. కుచ్చిళ్లు అంటే చీరకు పెట్టేవి. ఇక్కడున్నవి మడతలు.

లంగావోణీ:
మా అమ్మమ్మ లంగా నడుముకు పోసేవాటిని కూడా కుచ్చిళ్లనే అనేది. ఆవిడ నలభై ఏళ్లు కుట్టింది.

పడుగుపేక:
లంగాకు పోసేవి కుచ్చులు. దారం లాగితే వచ్చేవి కుచ్చులు, లెక్కగా మడిస్తే కుచ్చిళ్లు.

లంగావోణీ:
అయితే చీర కొంగుకు వేలాడేవి ఏమిటో?

పాతమిషను:
అవి తర్వాత తేల్చుకోండి. అమ్మా, ఈ రాత్రికి పట్టు జెర్సీ ఎక్కడా దొరకదు. బనియన్ గుడ్డ తీసుకోండి. పెద్ద సైజు పాత టీషర్టులైనా సరే, నిలువునా కోసి వాడండి. ఒక్కో మడత ఎంత వెడల్పు పెడుతున్నారు?

సూదిమొన:
అర అంగుళం. డమ్మీ సగం సైజుది, చెప్పాను కదా?

మొండికత్తెర:
చెప్పలేదు.

పాతమిషను:
చెప్పలేదమ్మా. సగం బొమ్మ మీద అర అంగుళం అంటే మనిషి ఒంటి మీద అంగుళం లెక్క. గ్రె గౌను మాట అలా ఉంచండి, కిటికీ తెరలా ఉంటుంది. మూడు మిల్లీమీటర్లకు దించండి.

పడుగుపేక:
జెర్సీ అనే మాట ఇంగ్లిష్ కాలువలోని ఒక దీవి పేరు నుంచి వచ్చిందని ఎవరికైనా తెలుసా?

సూదిమొన:
మా తమ్ముడి టీషర్టులు రెండు పోయాయి. ముందువైపు నిలబడింది. థాంక్స్ అండీ. వీపు వైపు కుచ్చిళ్లు ఇంకా మొదలుపెట్టలేదు.

పడుగుపేక:
మడతలు.