పెరట్లో గురి సాధనకు తక్కువ ధరలో ఎయిర్ రైఫిల్ ఏది?

ప్రశ్న (తెనాలి):
మా పెరట్లో ప్రహరీ దాకా పది మీటర్ల చోటు ఉంది. డిగ్రీ చదివే మా అమ్మాయి, నేను సాయంత్రాలు కాగితపు గురి మీద కాల్చాలని ఎంతో ఆశగా ఉన్నాం. పోటీల కోసం కాదు. 15 వేల లోపు ఏ రకం కొనమంటారు? లైసెన్సు కావాలా?

జవాబు (నల్గొండ):
బోరు (గొట్టం లోపలి వ్యాసం) 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్లు మించకపోతే 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదండీ. మీ డబ్బుకు గొట్టం వంచి బిగించే స్ప్రింగు రకమే సరైనది. గాలి ముందే నింపుకునే పీసీపీకి పంపో సిలిండరో విడిగా కొనాలి. దుకాణంలో గొట్టం మూసి, పక్కలకు కదిపి చూడండి. కాస్త వదులున్నా తీసుకోవద్దు. టెలిస్కోపు మీద మోజు పడకండి, పది మీటర్లకు గొట్టం మీద గురి చూసుకునే మామూలు సైట్లు చాలు. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ బోరుతో, ఈ దూరంలోనే!

జవాబు (అనంతపురం):
బల్లపరుపు తల ఉన్న పెల్లెట్లు (చిన్న గుండ్లు) కొనండి, కాగితానికి గుండ్రంగా, శుభ్రంగా రంధ్రం పడుతుంది. స్ప్రింగు రైఫిల్‌ను బిగించి పట్టుకోవద్దు, అరచేతిలో ఊరికే ఆననివ్వండి. పెల్లెట్ గొట్టం దాటకముందే కుదుపు మొదలవుతుంది మరి. పెల్లెట్ లేకుండా మాత్రం ఎప్పుడూ పేల్చకండి, స్ప్రింగు, సీలు పాడవుతాయి.

జవాబు (ఖమ్మం):
ప్రహరీని నమ్ముకోకండి! గట్టి గోడకు తగిలిన గుండు వెనక్కి ఎగురుతుంది. గురి వెనుక ఇసుక నింపిన చెక్కపెట్టె పెట్టండి. ఇద్దరూ రక్షణ కళ్లద్దాలు తప్పక పెట్టుకోండి.