తతేయామా మంచు గోడ: ఏప్రిల్ నెలాఖరులో అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

ప్రశ్న: జపాన్ వెళ్తున్నాం. టోక్యో నుంచి ముందురోజే టొయామా చేరి, మర్నాడు కేబుల్ కార్లు, బస్సులు మారుతూ కొండల మీదుగా సాగే తతేయామా కురోబే రూట్లో మంచు గోడ చూసుకుంటూ ఒక్క రోజులో నగానో వెళ్లాలి. అమ్మానాన్నలకు అరవై దాటాయి, ఇద్దరూ శాకాహారులు. పెద్ద సూట్‌కేసులు ఉన్నాయి. వీలవుతుందాండీ?

జవాబు: వీలవుతుందండీ. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా జపాన్‌లో గోల్డెన్ వీక్ సెలవుల రద్దీ, అది మొదలయ్యేలోపే వెళ్లిరండి. చిక్కంతా తతేయామా స్టేషన్లోనే. అక్కడి కేబుల్ కారు ఎక్కేది ఏడు నిమిషాలే, కానీ పట్టేది కొద్దిమంది. టైమ్ స్లాట్ ఉన్న టికెట్ ఆన్‌లైన్లో ముందే తీసుకోండి, ఉదయం తొమ్మిదిలోపు స్లాట్ అయితే మేలు. టొయామా నుంచి ఆ స్టేషన్‌కి లోకల్ రైల్లో గంట పైనే పడుతుంది, దానికి తగ్గట్టు బయల్దేరండి. జేఆర్ పాస్ (జపాన్ రైల్వే వాళ్ల టూరిస్టు పాస్) ఈ రూట్లో చెల్లదు.

సూట్‌కేసులు మాత్రం వెంట తిప్పొద్దు. కేబుల్ కారు, బస్సు, సొరంగం బస్సు, రోప్‌వే, మళ్లీ కేబుల్ కారు, కురోబే డ్యామ్ మీద పావుగంట నడక, మళ్లీ బస్సు: ప్రతిచోటా దిగి ఎక్కాలి. పొద్దున టొయామా వైపు ఇస్తే సాయంత్రానికి నగానో వైపు చేర్చే లగేజీ సర్వీసు ఉంది. సామాను ఎన్నింటిలోపు ఇవ్వాలో, అవతల కౌంటర్ ఎప్పుడు మూస్తారో ముందే చూసుకోండి.

ఇంకొకరు: బస్సు దారికి ఇరుపక్కలా మంచు గోడ ఉండేది మురోదోలో, అది 2,450 మీటర్ల ఎత్తు. 475 మీటర్ల ఎత్తులోని తతేయామా స్టేషన్లో మొదలై గంటంబావులో అక్కడికి చేరతారు కాబట్టి పెద్దవాళ్లకు ఆయాసం రావచ్చు. దిగగానే నడిపించకండి, కాసేపు కూర్చోబెట్టి నీళ్లు తాగించండి. గుండె, ఊపిరితిత్తుల సమస్యలుంటే డాక్టర్ని అడిగాకే టికెట్లు. గోడ పక్కన దారి మంచు కరిగి జారుతుంది. నీళ్లు దిగని, గ్రిప్ ఉన్న బూట్లు చాలు. చలువ కళ్లద్దాలు మరవొద్దు, మంచు మీది ఎండ కళ్లను మండిస్తుంది.

ప్రశ్న: తిండి సంగతి? డ్యామ్ నీళ్లు వదలడం చూడొచ్చా?

జవాబు: సోబా నూడుల్స్ పులుసులో కూరగాయలే కనిపించినా చేప రసం ఉంటుంది, అడిగి తీరాలి. టొయామాలోనే ఉప్పు ఓనిగిరి (అన్నం ముద్దలు), పళ్లు, బ్రెడ్ కొనుక్కోండి. పులిహోర చేసుకోగలిగితే అంతకన్నా హాయి. నీళ్లు వదిలేది జూన్ చివరి నుంచి అక్టోబర్ మధ్య దాకానే. అమ్మగారికి మోకాళ్ల నొప్పులుంటే వ్యూ పాయింట్ 220 మెట్లు వదిలేయండి, కట్ట మీంచి కూడా లోయ బాగానే కనిపిస్తుంది.

ఇంకొకరు: గాలివాన, మంచు ఎక్కువైతే పైదారి ఆపేస్తారు. టొయామాలో ఒక రోజు అదనంగా పెట్టుకోండి.